చాటు కోసం సుబాబుల్

మరదలికి మధ్యాహ్నం పెరట్లో కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకోవడం ఇష్టం. ఆ ఇష్టానికి అడ్డొచ్చేది పక్కింటి మేడ. ఆ మేడ వరండాలో ఆమె ఆడపడుచు కూర్చునేది. వీధంతా ఆవిడను మేడవదిన అనేవారు. వదినగిరీ అంతా ఆవిడ మేడ మీంచే చెలాయించేది మరి.

మొదటి పేజీ పూర్తికాకముందే పైనుంచి గొంతు దిగేది. కుక్కర్ కింద మంట తగ్గించావా అని ఒకసారి, తీగ మీద దుప్పటి ఎండి బిరుసెక్కుతోంది తీయవేం అని ఒకసారి. ఒకనాడు మరదలు కొంగు చాటున జామకాయ కొరికితే, అంత పచ్చిది తింటే కడుపులో నొప్పి వస్తుందని కూడా దిగింది.

మొగుడితో మొరపెట్టుకుంటే, అక్క చూస్తే నీ సొమ్మేం పోయిందన్నాడు. తన సొమ్మేం పోయిందో ఆమెకు తెలుసుగానీ ఆ మనిషికి విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది.

గోడ ఎత్తు లేపుదామంటే అది రెండిళ్లకూ ఉమ్మడి గోడ. లేపాలంటే వదిన ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలంటే ఎందుకో చెప్పాలి. అందుకని మరదలు నర్సరీకి వెళ్లి, అన్నిటికన్నా తొందరగా పెరిగే చెట్టేదని అడిగింది. సుబాబుల్ అన్నారు. అది చిక్కుడు కుటుంబానిదనీ, మనం పాతి వెనక్కి తిరిగేలోపు నడుం దాటుతుందనీ, పశువులు ఆకును ఎగబడి తింటాయనీ చెప్పారు. ఆ చివరి మాట దగ్గర ఆమె ముఖం వెలిగింది.

వదినగారి భర్తకు ఒక ఆడగుర్రం ఉంది. పార్కులో పిల్లల్ని ఎక్కించి తిప్పుతాడు. మెడ మీద జూలు, నేలను తాకే తోక ఉన్న ఆ గుర్రానికి పట్టపురాణి అని పేరు పెట్టుకున్నాడు. దానికి రోజూ మేత తెచ్చేసరికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చేది. గోడ వారన ఒక వరస చెట్లు వేస్తే పట్టపురాణికి ఇంట్లోనే పచ్చిమేత దొరుకుతుంది కదా అన్నయ్యగారూ అని మరదలు చల్లగా అంది. మరదలికి ఇన్నాళ్లకు ఇంటి మంచీచెడ్డా పట్టిందని వదిన మురిసిపోయింది.

సుబాబుల్ గింజ పైపొర గట్టిది. వట్టినే నాటితే మొండికేస్తుంది. మరదలు పొయ్యి మీంచి దింపిన వేడినీళ్లు గింజల మీద పోసి, మర్నాటి దాకా నానబెట్టింది. అది పైనుంచి చూసిన వదిన, విత్తనాలు ఉడకేసి నాటే మనిషిని ఈ జన్మలో ఇప్పుడే చూశానని ఫోనులో చుట్టాలందరికీ చెప్పుకుంది. వారం తిరక్కుండా మొలకలొచ్చాయి. ఈ సంగతి మాత్రం ఏ చుట్టానికీ ఫోను వెళ్లలేదు.

మొక్కలు మోకాలు దాటాయి, నడుం దాటాయి, వానలు పడ్డాక గోడ దాటాయి. చింతాకులాంటి సన్నటి ఆకు గుబురుగా అల్లుకుని మేడ వరండాను కప్పేసింది. ఆ మధ్యాహ్నం మరదలు ఏకబిగిన ఒక అధ్యాయం చదివింది. పైనుంచి గొంతు వచ్చిందిగానీ, దానికి చిరునామా పోయింది.

"ఉన్నావా?"

మరదలు పలకలేదు. అలా పలకకపోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు కాపురానికొచ్చాక మొదటిసారి తెలిసింది.

మాటిచ్చిన ప్రకారం పొద్దునా సాయంత్రం బుట్టెడు రెమ్మలు పట్టపురాణికి వెళ్లేవి. గుర్రం ఆవురావురుమని తినేది. కొన్నాళ్లకు అన్నయ్యగారు జూలు దువ్వుతుంటే దువ్వెనతో పాటు గుప్పెడు వెంట్రుకలు ఊడొచ్చాయి. తర్వాత తోక పలచబడింది. పార్కులో ఒక పిల్ల, ఇది గుర్రమా గాడిదా అని తల్లిని అడిగింది. తల్లి కాసేపు తేల్చుకోలేకపోయింది. అసలే అన్నయ్యగారిది నున్నటి బట్టతల. ఆ అవమానం రెండు రకాలుగా తగిలింది. ఇంటికో బట్టతల చాలు కదా అని వదిన కూడా ఒక మాట వేసింది.

పశువుల డాక్టరు వచ్చి గుర్రాన్ని చూసి, గోడ వైపు చూసి, మేతేమిటని అడిగాడు. మేకలూ గొడ్లూ మితంగా తింటే పరవాలేదట, గుర్రాలకు మాత్రం ఆ ఆకు పడదట, జూలూ తోకా రాలిపోతాయట. ఆపేస్తే మళ్లీ వస్తాయని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే వదిన మేడ దిగొచ్చింది. ఆవిడ మెట్లు దిగిందంటే వ్యవహారం ముదిరినట్టే. నలుగురూ పెరట్లో నిలబడ్డారు.

"మేతకి పనికిరాదని తేలిపోయింది. ఇంకెందుకమ్మా ఇవి? మొదలంటా కొట్టించెయ్."

మరదలు లోపల్లోపల సాకులు వెతుక్కుంది. వంటచెరకు అందామంటే ఇంట్లో ఉన్నది గ్యాసు. పచ్చిరొట్ట ఎరువు అందామంటే ఉన్న పొలం నాలుగు కుండీలు. సాయం కోసం మొగుడి వైపు చూస్తే, ఆయన తన చెప్పుల్ని ఎవరివో అన్నట్టు పరీక్షగా చూసుకుంటున్నాడు. రేపు మధ్యాహ్నం మళ్లీ ఆ మేడ కింద కూర్చోవడం తలుచుకోగానే ఆమె నోట్లోంచి నిజం వచ్చేసింది.

"అవి మేతకోసం వేసినవి కావు వదినా. మీకు కనపడకుండా కూర్చోడానికి వేశాను."

అన్నయ్యగారికి నవ్వు తన్నుకొచ్చింది, దాన్ని దగ్గుగా మార్చబోయి కుదరక, "ఇదే చెట్టు ఇంటి లోపల కూడా పెరుగుతుందా అమ్మా?" అన్నాడు. వదిన చూసిన చూపుకి వెళ్లి గుర్రం పక్కన నిలబడ్డాడు.

వదిన అరవలేదు. అరిచి ఉంటే మరదలికి తేలికయ్యేది.

"నేనేమన్నా నీకు కాపలా కాస్తున్నానా?" అంది వదిన. "వీధి వైపు చూస్తే పాత ఇనుము కొట్టు. ఇటు చూస్తే నువ్వు. ఆయనేమో పొద్దస్తమానం ఆ గుర్రంతోనే. నన్నెటు చూడమంటావు?"

అయినా మరదలు చెట్లు వదులుకోనంది. చివరికి వదినే దిగొచ్చింది, తన కుర్చీకి ఎదురుగా ఉన్న చెట్టు ఒక్కటి కొట్టిస్తే చాలంది. కింద మనిషి ఉందో పోయిందో తెలియాలి కదా అంది.

మరదలు తల వంచుకుని సరేనంది. మొద్దు నడుం ఎత్తున ఉంచితే బట్టల తీగ కట్టుకుంటానని అడిగింది. గెలిచిన వదిన ధారాళంగా ఒప్పుకుంది. సుబాబుల్‌ని నడుం దగ్గర నరికితే చచ్చిపోదు, ఒక కాండం పోయి గుత్తెడు కొమ్మలొస్తాయి. నర్సరీలో అలా నరికి నరికే గుబురు చేస్తారు.

కొన్నాళ్లు ఆ సందులోంచి వదిన ముఖం నిండుగా కనిపించింది. తర్వాత సగం. తర్వాత కళ్లజోడు.

"ఏమ్మా, ఆ మొద్దు మళ్లీ చిగురేస్తున్నట్టుందే."

"వేస్తోంది వదినా. కత్తిరిస్తే ఇంకా ఎక్కువేస్తుందట."

తను ఎక్కడ మోసపోయిందో వదిన లెక్క చూసుకుంటోందని మరదలికి అర్థమైంది, తిట్లకు సిద్ధపడింది.

"అంతగా నన్ను తప్పించుకుని చదివేది, ఏం పుస్తకమే అది?"

మరదలు అట్ట పైకెత్తి ఆకుల సందులో చూపించింది. వదిన తాడు కట్టిన సంచీ కిందికి వదిలింది. మొహమాటపడి మరదలు, తాను సగమే చదివిన డిటెక్టివ్ నవలనే అందులో వేసింది.

మర్నాడు పై వరండాలో చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. మూడోనాడు కొత్త పుస్తకంతో కూర్చున్న మరదలికి, ఆకుల వెనకనుంచి, మనిషి కనపడకుండా గొంతు దిగింది. ఆ నవలలో పెద్దాయన్ని చంపింది సొంత తమ్ముడేనని, తాను ముందు చివరి పేజీ చూసుకున్నానని చెప్పింది.

అప్పట్నుంచి మరదలు తాను పూర్తిచేసిన పుస్తకాలే సంచీలో వేస్తోంది.