ఉడికిన పప్పు తూకం

నాకు ముక్కు మీదే కోపం అంటారు. నిజమే. కాలిన గాయాల వార్డు వంటింట్లో పన్నెండేళ్ళుగా రోగుల తిండి తూచి పెట్టే పని నాది. గిన్నెలో పది గ్రాములు తగ్గినా ఊరుకోను, పెరిగినా ఊరుకోను. నర్సులు నన్ను చాటుగా తక్కెడమ్మ అంటారు. ఇద్దరు మాత్రం మొహం మీదే అంటారు. ఆ పేరు నాకు ఇష్టమే. పని సరిగ్గా చేసేవాళ్ళకే పేర్లు పెడతారు.

మా వంటిల్లు రెండు గదులు. లోపలి గదిలో వంటాయన, ఆయన పొయ్యిలు, సరుకుల బస్తాలు. బయటి గదిలో నేను, నా తక్కెడ, వరసగా పేర్చిన స్టీలు గిన్నెలు. మధ్య గోడకు ఒక కిటికీ. ఉడికినవన్నీ ఆ కిటికీలోంచే నా వైపు వస్తాయి. వంటాయన తక్కెడ ముట్టుకోడు, నేను పొయ్యి ముట్టుకోను. ఈ ఏర్పాటు మా ముందువాళ్ళ నాటిది. "ఎవరి గదిలో వాళ్ళుంటేనే తల్లీ, మన మధ్య మాటా మంచీ మిగిలేది," అంటుంటాడాయన. నా నోటి సంగతి తెలిసిన మనిషి కదా.

నా బల్ల ఎదురుగా గోడకు ఒక పట్టిక ఉండేది. వంద గ్రాముల్లో దేనికెంత ప్రోటీన్ ఉందో అందులో రాసి ఉంటుంది. పప్పుకు ఇరవై నాలుగు. బీన్స్‌కు రెండు. కాలిన చర్మం మళ్ళీ రావాలంటే ప్రోటీన్ కావాలని వార్డులో చేరిన మొదటిరోజే అందరికీ చెబుతారు. బీన్స్‌లో పీచుంది, విటమిన్లున్నాయి, కాదనను. కానీ ఇరవై నాలుగెక్కడ, రెండెక్కడ! పన్నెండేళ్ళూ బీన్స్ గిన్నెను నేను ఇంటికొచ్చిన పేద చుట్టంలాగే చూశాను.

ఇక మా తమ్ముడు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. అన్నం కలిపి ముద్దలు పెట్టింది నేనే. పెద్దయ్యాక వెల్డర్ అయ్యాడు. ఖాళీ పీపా అనుకుని ఒకదానికి అతుకు వేస్తుంటే లోపల మిగిలిన నూనె భగ్గుమంది. ఎడమకాలు పైపైన కాలింది. కుడికాలు మోకాలి నుంచి మడమ దాకా మాంసం కనబడేలా కాలింది. వాణ్ణి మా వార్డుకే తెచ్చారు. ఏడుస్తూనే, మంచిదే అయిందనుకున్నాను. నా చేతి తిండి మీద ఉంటాడు, కాలు ఎందుకు మానదో చూస్తాను అనుకున్నాను.

సర్జన్ నన్ను పిలిచి, రోజుకు డెబ్బై గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదన్నాడు. మిగతావాళ్ళకు గుడ్లూ పాలూ ఉంటాయి. మావాడికి చిన్నప్పటి నుంచీ గుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లు, పాలు తాగితే వాంతులు. మాంసం మా వంటింటి గడప తొక్కదు. మిగిలింది పప్పు. వంద గ్రాముల గిన్నెలు పూటకొకటి చొప్పున మూడు పెడితే డెబ్బై రెండు. లెక్క సరిపోయింది. అన్నంలో వచ్చేది పైన లాభం అనుకున్నాను.

వాడికి పప్పంటే మొహం మొత్తడానికి పది రోజులు చాలాయి.

"అక్కా, ఇంకో గిన్నె పెట్టావంటే నా చెవుల్లోంచి మొలకలొస్తాయి. నాలుగు బీన్స్ ముక్కలు పడెయ్యక్కా, కాస్త పంటి కింద కరకరలాడతాయి."

"ఆ గడ్డి తింటే కాలు మానుతుందట్రా? నోర్మూసుకుని మింగు."

మింగేవాడు. గిన్నె అడుగు వేలితో తుడిచి నాకు చూపించేవాడు, నవ్వు తెప్పించడానికి. నేను కాగితం మీద డెబ్బై రెండు అని రాసి సంతకం పెట్టేదాన్ని.

తొడ మీది చర్మం తీసి కాలికి అతికించారు. వారంలో ఊడిపోయింది. రెండోసారి అతికించారు. అదీ నిలవలేదు. వాడి దవడలు లోపలికి పోయాయి, పాదాలకు నీరు పట్టింది. అయిదో వారంలో సర్జన్ మంచం పక్కన నిలబడి రక్తపరీక్ష కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"ప్రోటీన్ బాగా పడిపోయిందమ్మా. తిండి సరిగ్గా తింటున్నాడా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "నా చేత్తో తూచి పెడుతున్నాను డాక్టరుగారూ. మెతుకు వదలడు. ఇదిగో చూడండి," అని కాగితాల కట్ట ఆయన చేతిలో పెట్టాను. ముప్ఫై నాలుగు రోజులు. రోజూ డెబ్బై రెండు.

ఆయన ఒక్కొక్కటే తిరగేసి, తల ఊపాడు. "సరే, మీ తూకం సంగతి అందరికీ తెలిసిందే. తిండి అందుతోందంటే ఇది ఇన్ఫెక్షన్ పనే." ఆ రోజు నుంచి మందులు మార్చారు. ఆ కొత్త ఇంజెక్షన్లకు మావాడికి చెవుల్లో హోరు మొదలైంది. రెండు వారాలు ఆ మందులే. నా సంతకం చూసి మార్చిన మందులు.

ఏడో వారం వంటాయన కూతురి పురుడని సెలవు పెట్టాడు. బదులు మనిషి రాలేదు. పొద్దున్నే నేనే ఆ కిటికీ అవతలి గదిలోకి వెళ్ళాను. ఆ పూటకు ముప్ఫై గిన్నెల పప్పు కావాలి. ఎంత పొయ్యాలో తెలియక ఆయనకు ఫోన్ చేశాను.

"కిలో పొయ్యి తల్లీ. మూడు కిలోలవుతుంది. మీ ముప్ఫై గిన్నెలకు సరిగ్గా సరిపోతుంది."

కిలో కడిగి పోశాను, ఉడికించాను, నా గదిలోకి తెచ్చుకుని వందేసి గ్రాములు తూస్తూ గిన్నెల్లో వేశాను. ముప్ఫై నిండాయి. అలవాటు ప్రకారం కాగితం తీశాను. ముప్ఫై గిన్నెలు, గిన్నెకు ఇరవై నాలుగు, మొత్తం ఏడు వందల ఇరవై. రాయబోయి ఆగిపోయాను. నేను పోసింది కిలో. కిలో పప్పులో ఉండేది రెండు వందల నలభై. మిగతా నాలుగు వందల ఎనభై ఎక్కణ్ణుంచి వచ్చింది? కుళాయిలోంచా?

పట్టికలో ఉన్నది ఎండు పప్పు సంగతి. నేను తూస్తున్నది ఉడికిన పప్పు. పప్పు ఉడికితే మూడింతలవుతుందని నాకు తెలియదా? ఇంట్లో రోజూ వండుతాను. తెలుసు. ఆ తెలిసింది పొయ్యి దగ్గర ఉంది, అంకె తక్కెడ దగ్గర ఉంది, రెంటినీ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టలేదు. బీన్స్ అయితే పచ్చివైనా ఉడికినవైనా ఇంచుమించు అదే బరువు, అదే రెండు. నేను చిన్నచూపు చూసిన బీన్స్ విషయంలో నా లెక్క ఎప్పుడూ తప్పలేదు. పప్పు విషయంలో మూడు వంతుల్లో రెండు వంతులు అబద్ధం. నా తమ్ముడికి రోజుకు అందింది డెబ్బై రెండు కాదు, ఇరవై నాలుగు. అన్నంలోది కలుపుకున్నా సగానికి రాదు.

కాగితం పక్కన పెట్టేశాను. ఈ పన్నెండేళ్ళలో పప్పు మీదే ఆధారపడ్డవాళ్ళు ఇంకెందరున్నారో గుర్తు చేసుకోబోయాను. గాయం మానకుండానే పోయిన ఒక ముసలామె మొహం గుర్తొచ్చింది. ఇంక గుర్తు చేసుకోలేకపోయాను.

గిన్నెలు అక్కడే వదిలేసి సర్జన్ గదికి పరిగెత్తాను. చెప్పాను. ఏడవకుండానే చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "నేనూ అడగలేదు, పచ్చిదా ఉడికిందా అని," అన్నాడు.

"ఇప్పుడు పెడతానండీ. ఎంత కావాలంటే అంత పెడతాను. మూడింతలు పెడతాను."

"పెడదాం. ప్రోటీన్ పొడి కూడా ఇద్దాం." ఫైలు తెరుస్తూ అన్నాడు, "నిన్న ఎక్స్‌రే తీశామమ్మా. ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోయింది. కాలు ఉంచితే మనిషి దక్కడు. ఆపరేషన్ ఎల్లుండికి పెట్టాను. మీకు సాయంత్రం చెబుదామనుకున్నాను."

"అయిదో వారంలో తెలిసి ఉంటే?"

ఆయన ఫైలు మూసేశాడు. నాకు జవాబు అందింది.

పట్టిక ఆ మధ్యాహ్నమే తీసేశారు. కొత్తది పెట్టారు, అందులో పప్పు రెండు వరసల్లో ఉంది, ఎండుది, ఉడికినది. ఈ సంగతి వార్డులో మాట్లాడవద్దని సూపరింటెండెంట్ నాకు మెల్లగా చెప్పాడు. మాట్లాడతానన్నాను. ముందు మాట్లాడవలసింది ఒక్కడితోనే కదా.

తమ్ముడి మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాను. కాలు తీసేస్తారని వాడికి అప్పటికే తెలిసింది. నన్ను చూసి నవ్వబోయాడు. "ఏడవకక్కా. ఒంటి కాలుతో కూర్చుని కూడా అతుకులు వెయ్యొచ్చు," అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నాడు! అప్పుడు చెప్పాను, కిలో పప్పు, ముప్ఫై గిన్నెలు, పట్టిక, అంతా. లెక్కల్లో వాడు చురుకు. సగంలోనే అర్థమైపోయింది.

"అంటే నేను బలవంతాన మింగిందంతా నీళ్ళేనా అక్కా?"

"మూడింట రెండు వంతులు నీళ్ళేరా."

వాడు గోడ వైపు తిరిగాడు. నేను భుజం మీద చెయ్యి వేస్తే తియ్యమనలేదు.

కాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆ మర్నాటి నుంచి ఎండు పప్పు నేనే తూచి, నేనే కడిగి, నేనే ఉడికించి, ఎంతయితే అంతా ఆరుసార్లుగా వాడికి పెట్టాను. పొడి కలిపిన నీళ్ళు తాగించాను. బీన్స్ కూడా వేశాను, అడక్కపోయినా. వాడు అన్నీ తిన్నాడు. గిన్నె చూపించడం మానేశాడు. వారానికి పాదం వాపు తగ్గింది. మిగిలిన పాదం. రెండో వారానికి దవడలు నిండాయి.

మూడో వారం కట్టు విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. కొత్తగా చేరిన నర్సు, ఏమీ తెలియని పిల్ల, తెగిన చోట గులాబిరంగు చర్మం నున్నగా మూసుకుని ఉండటం చూసి సంబరపడిపోయింది.

"ఎంత చక్కగా మానిందో చూడండమ్మా! ఇంత తొందరగా మానడం నేనెక్కడా చూడలేదు. ఒంట్లో బలం ఉంటే చాలు, ఎంత గాయమైనా మానిపోతుంది."

తమ్ముడు తల తిప్పి నా వైపు చూశాడు. కాలు పోయాక వాడు నన్ను సూటిగా చూడటం అదే మొదటిసారి. నేను తల దించుకుని, అవునమ్మా అన్నాను.