గుర్రానికి పిలుపు

1938 సెప్టెంబరు ఆఖరు. యుద్ధం వస్తుందో రాదో పారిస్ రేడియోకే తెలియదు. దక్షిణ ఫ్రాన్సులోని ఆ ఊరి మేయరు ఆఫీసు గోడకి మాత్రం కాగితం అంటించేశారు: సైన్యం పట్టీలో ఉన్న గుర్రాలన్నీ ఉదయం ఎనిమిదికల్లా ఊరి నడుమ చౌకులో ఉండాలి.

ఒనోరే తోటలో సగం ద్రాక్ష ఇంకా తీగల మీదే ఉంది. మబ్బు కమ్ముకొస్తోంది. కోసిన కాయ ఇంటికి చేరాలంటే బండి లాగే ఆడగుర్రం రూసెట్ ఒక్కతే దిక్కు.

తప్పు అతనిదే. మార్చిలో సైన్యంవాళ్లు గుర్రాలకు తరగతులు కట్టడానికి వచ్చినప్పుడు, బుద్ధున్నవాళ్లు తమవాటిని పేడ మరకలతోనే తోలుకెళ్లారు. ఒనోరే జూలు అల్లి, గిట్టలకు నూనె రాసి, చౌకు చుట్టూ మూడుసార్లు దౌడు తీయించాడు. మొదటి తరగతి అని రాస్తే వారం రోజులు కాఫీ హోటల్లో అవే కోతలు.

"పిల్ల పెళ్లికి కూడా అంత సింగారం చెయ్యలేదు కదయ్యా. అనుభవించు," అంది భార్య క్లెమాన్స్.

పిలిచిన రోజు పొద్దున్నే, దారిలో ఒనోరే దాని నాడా కింద గులకరాయి దూర్చాడు. రూసెట్ కుంటుతూ చౌకులోకి వచ్చింది. సైన్యపు పశువైద్యుడు గిట్ట చూసి, రాయి ఊడబెరికి చేతిలో పెట్టాడు.

"పొద్దుట్నుంచి ఇది నాలుగోది. మీ ఊళ్లో రాళ్లకేం కరువు లేదే!"

"దొరా, కాయ కుళ్లిపోతుంది. పదిరోజులు ఆగండి. అసలు యుద్ధమే లేదు కదా ఇంకా!"

"లేదు. అయినా ఈ ఊరి నుంచి నాకు ఇరవై గుర్రాలు కావాలి. ఇరవై చూపించకపోతే నా పీకల మీదికొస్తుంది. నన్నేం చెయ్యమంటావు?"

సైన్యం తీసుకున్న గుర్రానికి కాల్చిన ఇనుముతో రెండు గిట్టల మీద అంకె వెయ్యాలి. రూసెట్ సిపాయిని దగ్గరకు రానివ్వలేదు. రెండుసార్లు తన్నింది. వాళ్లు మోకు తెచ్చారు, కాళ్లకు కట్టి కింద పడెయ్యడానికి.

"మోకొద్దు. నడుం విరిగిపోతుంది," అన్నాడు ఒనోరే.

"అయితే నువ్వే పట్టుకో."

చుట్టూ చూశాడు. ఊరంతా నిలబడి చూస్తోంది. వంగి, రూసెట్ మోకాలి వెనక మెల్లగా తట్టాడు.

"ఎత్తవే తల్లీ."

ఇంటి దగ్గర ఎత్తినట్టే ఎత్తి, బరువంతా అతని తొడ మీద వేసింది. పొగ లేచింది. అంకె పదిహేడు.

"ఇంకో కాలు," అన్నాడు సిపాయి.