బోయిన్‌పల్లి కాలువ నీళ్లు

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక మురుగుకాలువలోకి ఇమాం వలి తాడు కట్టిన డబ్బాను వదిలాడు. కుళ్లిన టమాటాలు పక్కకు జరిగి దారిచ్చాయి. సన్నటి మనిషి, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, ముక్కుకు అడ్డంగా చేతిరుమాలైనా లేదు. మూడేళ్లుగా ఇదే కొలువు. అరవై నిండాయి కాబట్టి ఈ సాయంత్రంతో సరి. సీసా నింపి, మూత బిగించి, చీటీ మీద తారీఖు వేసి అల్వాల్ బస్సెక్కాడు. పక్క సీటామె ముక్కు మూసుకుని లేచిపోయింది. పోతే పోనీ, కాళ్లు చాపుకోవచ్చు!

అల్వాల్‌లోని పరిశోధనశాలలో సింధూర ఒక మొండి క్రిమిని పెంచుతోంది. ఏ యాంటీబయాటిక్‌కూ చావని రకం. దాన్ని తినేసే వైరస్ మురుగులోనే దొరుకుతుందని ఆమె ఆశ. మొన్నటిదాకా ఇమాం వలి రెండువందల పదకొండు సీసాలు తెచ్చినా ఒక్కటీ అక్కరకు రాలేదు.

ఇమాం వలికి ఆ క్రిమి మీద సొంత పగ ఉంది. భార్య రసూల్ బీ కాలి పుండు అలాంటి దానితోనే ముదిరి ప్రాణం తీసింది. అంతకుముందు చీము పట్టినప్పుడల్లా, డాక్టరు వారానికిచ్చిన గోళీలను మూడోరోజే ఆపించింది తనే. "జ్వరం దిగింది గదా, మిగిలినయి దాచు, మళ్లొస్తే పనికొస్తయి" అనేవాడు. అలా సగం మందులకు క్రిమి రాటుదేలింది, ఆఖరికి ఆసుపత్రిలో ఏ మందూ పనిచేయలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తన నోరు తనే కొట్టుకోవాలనిపిస్తుంది.

గుమ్మంలో అడుగుపెట్టగానే సింధూర పరుగెత్తుకొచ్చింది.

"చాచా! నిన్నటి సీసా... జల్ది రండి, చూడండి!"

గాజుపళ్లెం నిండా పాచిలా పరుచుకున్న క్రిమి. దాని మధ్య తేటగా, గుండ్రంగా చుక్కలు. ఒకటా రెండా!

"ఈ ఖాళీలేంది బిడ్డా?"

"అక్కడంతా క్రిమి చచ్చింది చాచా! మీ నీళ్లల్ల ఉన్నది తినేసింది! మందు కావాలంటే ఇంకా ఏళ్లు పడ్తది. కానీ షురూ అయింది!"

"చచ్చిందా? నిజంగనే? అరే, జెర మళ్ల చూడనియ్యి!"

చుక్కలు లెక్కపెట్టబోయి, తప్పి, మళ్లీ మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. ల్యాబులో ఉన్నవాళ్లందరినీ చేయిపట్టి లాక్కొచ్చి చూపించాడు. "రసూల్ బీ, చూసినవా!" అని గట్టిగా అరిచేశాడు. సింధూర అతని భుజం మీద చెయ్యి వేసింది.

సాయంత్రం శాలువా కప్పి, స్వీట్ల డబ్బా చేతిలో పెట్టారు. సింధూర మళ్లీ పళ్లెం ముందు కూర్చుంది. తలెత్తేసరికి ఇమాం వలి వెళ్లిపోయాడు. బల్ల మీద, మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే మార్కెట్‌కు పోయి అతను తెచ్చిపెట్టిన ఇంకో సీసా ఉంది. చీటీ మీద వంకర అక్షరాల్లో రేపటి తారీఖు.