ఏడున్నర కాఫీ

ఎర్సీలియా మోకా పాత్రను విప్పి మూడు భాగాలూ తొట్టిలో పెట్టింది. కింద నీళ్ళ గిన్నె, మధ్య పొడి పోసే జల్లెడ, పైన కాఫీ పొంగి చేరే కూజా. ఇరవై రెండేళ్ళుగా వాటికి నీళ్ళు తప్ప మరేమీ తగల్లేదు. సబ్బు పెడితే ఆ రుచి కాఫీలోకి దిగుతుందని నేపుల్స్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆమెకైతే వాళ్ళమ్మ చేతిమీద ఒకటిచ్చి మరీ నేర్పింది.

అయినా ఇవాళ సబ్బూ, ఇనుప పీచూ తీసుకుంది.

ఆమె కాపలా ఉండే భవనం మూడో అంతస్తులో, అందరూ మర్యాదగా డాన్ అని పిలిచే అమెదేయో రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. రెండు నెలలుగా మంచం దిగలేదు. రోజూ ఏడున్నరకి ఎర్సీలియా తన కాపలాగదిలో కాఫీ కాచి, పాత్రతో సహా పైకి తీసుకెళ్తుంది. నిన్న, మిలాన్ నుంచి వచ్చిన ఆయన కోడలు లొరెదానా మూత తీసి లోపలికి చూసింది.

"ఇంత నల్లటి దాంట్లోనా ఆయనకి రోజూ ఇస్తున్నది?"

ఎర్సీలియా మెట్లు దిగేటప్పుడు పాత్రను ఏప్రన్ కింద దాచుకుంది.

తోమాక పాత్రలో ఆమె ముఖం కనిపించింది. సబ్బు వాసన పోవాలంటే రెండుసార్లయినా కాఫీ కాచి పారబొయ్యాలి. టైమైపోతోందని ఒక్కసారే పారబోసింది.

"ఇప్పుడు బాగుంది," అంది లొరెదానా పాత్రను చూసి. ఎర్సీలియాకి సంతోషం వేసింది.

డాన్ అమెదేయో ఒక గుక్క తాగి ఆగాడు.

"ఏమే ఎర్సీలియా, ఇవాళ బట్టలుతికావా?"

కోడలికి అర్థం కాలేదు. ఎర్సీలియాకి చెవులు వేడెక్కాయి.

"ఇలా ఇచ్చెయ్యండయ్యా. ఇంకోటి తెస్తాను."

"కప్పు జోలికి రాకు. కిందికి పో, నీ గుమ్మం ఎవడైనా ఎత్తుకుపోతాడు."

కింద ఆమె మళ్ళీ కాచింది. పారబోసింది. మళ్ళీ కాచింది.

"కాఫీ తొట్టిలో పోస్తున్నావేంటక్కా, లాటరీ గానీ తగిలిందా?" అన్నాడు ఉత్తరాలు తెచ్చిన పోస్ట్‌మాన్. ఆమె సన్న మంట మీద పాత్ర గురగురమనేదాకా చూసి, ఆ కాఫీని చెంచాతో రుచి చూసింది. సరిగ్గా ఉంది.

మూడో అంతస్తు తలుపు తెరిచే ఉంది. లొరెదానా కిటికీ మూస్తోంది.

"పోయి పది నిమిషాలైంది," అంది. "నువ్వెళ్ళాక మరి మాట్లాడలేదు." ఎర్సీలియా చేతిలోని పాత్ర చూసి, "కాఫీయా అది? ఇలా ఇవ్వు."

నిలబడే తాగింది. "బాగుంది. ఈయన రోజూ నీ కాఫీ గురించే చెప్పేవాడు."

పొద్దుటి కాఫీలో సబ్బుందని చెప్పడానికి ఎర్సీలియా నోరు తెరిచింది. మంచం పక్క బల్ల మీది కప్పు చూసి మూసుకుంది. దాన్ని ఏప్రన్ జేబులో వేసుకుని దిగింది.

వీధి తలుపు రెండు రెక్కల్లో ఒకటి మూసింది. ఆ భవనంలో ఎవరు పోయినా ఆ పని ఆమెదే. తర్వాత కప్పును తొట్టిలో పెట్టింది, కుళాయి తిప్పలేదు. కప్పు అడుగున కాస్త చక్కెర ఉంది. కాఫీ చుక్క కూడా లేదు.