సున్నం చూసే బుగ్గ

సున్నం కుండలో ముంచిన వేలు నోటి దాకా తెచ్చి ఆగిపోయింది న్వే యీ. పెళ్ళై వచ్చిన మర్నాటి నుంచీ పొద్దున్నే ఇదే పని. కొత్తగా నానిన సున్నం ఘాటెంతో ఆ ఇంటి కోడలి బుగ్గ చెప్పాలి, ఆ తర్వాతే తమలపాకుకు పూయాలి. "మా కిళ్ళీ నోరు పొక్కించదు" అని బర్మాలోని మాండలే బజారంతా గొప్పలు పోతాడు కిళ్ళీ కొట్టు నడిపే ఆమె భర్త చో థూ. తను మాత్రం కిళ్ళీ ముట్టడు. పళ్ళు గారపడతాయట!

నిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ చల్లగానే చెప్పింది. "పుండేం లేదమ్మా. కానీ బుగ్గలోంచి తీసిన కణాల్లో క్రోమోజోములు దెబ్బతిన్నాయి, ఒకదాంట్లో ఓ ముక్క ఊడిపోయింది. ఇది క్యాన్సర్ కాదు, రావచ్చని ముందస్తు గుర్తు. పరీక్షకు వస్తూ ఉండండి. సున్నం, కిళ్ళీ ఇక నోట పెట్టకండి."

ఇంటికొచ్చి చెబితే చో థూ నవ్వాడు. "పుండు లేదు, గడ్డ లేదు, కంటికి కనపడని రోగమేంటే? పని ఎగ్గొట్టడానికి భలే దొరికింది."

రాత్రంతా అత్తగారే కళ్ళలో మెదిలింది. ఈ కుండ దగ్గర తనకు ముందు కూర్చున్నది ఆవిడే. చివరికి బుగ్గ చిల్లుపడి, దవడ బిగిసి, నోట్లో చెంచా కూడా పట్టేది కాదు. మాట పోయాక పక్కలోంచి ఈ కుండకేసి వేలు చూపిస్తూనే ఉండేది. "చావబోతూ కూడా కిళ్ళీ యావే" అన్నాడు కొడుకు. అందరూ నవ్వారు. అయ్యో, ఆవిడ అడిగింది కిళ్ళీ కాదు. కోడలికి చెప్పుకుంది, వద్దే తల్లీ అని. ఇప్పుడు కూడా ఆ వేలు తన భుజం వెనక నుంచి చాచే ఉన్నట్టుంది.

"ఇంకా ఎంతసేపు? గిరాకీ నిలబడి ఉంది!" కొట్టులోంచి కేకేశాడు చో థూ. "నీకంత భయమైతే మన పిల్ల తిరి చూస్తుందిలే. రేపు ఏ ఇంటి కోడలైనా నేర్చుకోవాల్సిందేగా."

కూతురు తిరి, చెంపల మీద గంధం పూత ఇంకా ఆరకుండానే వచ్చి, ముచ్చటగా కుండలోకి వేలు పెట్టబోయింది. న్వే యీ ఆ మణికట్టు పట్టుకుంది. "నువ్వు బడికి పో" అంది.

కుండ చంకనెత్తుకుని కొట్టులోకి నడిచింది. గిరాకీల ముందే వేలు ముంచి భర్త పెదాల దగ్గర పెట్టింది.

"నా బుగ్గ అయిపోయింది, దాని బుగ్గ ఇవ్వను. నోరు తెరవండి."