కలిపి ఇవ్వకూడనివి

మంజులత ఎడిటింగ్ గదిలో తెరపై హీరోయిన్ ముఖం మీద ఆకుపచ్చ చారలు పడ్డాయి. షాట్ ఎన్నిసార్లు తెరిచినా అవే చారలు. బ్యాకప్‌లోనూ అవే. డిస్కు చడీచప్పుడు లేకుండా పాడుచేసిన షాట్‌నే ఎవరికీ తెలియక కాపీ చేసి దాచారు. చివరికి ఆ సీను మళ్ళీ తీయాల్సి వచ్చింది.

ఆ స్టోరేజ్ పెట్టె ఫిల్మ్‌నగర్‌లోని కమలాకర్ కంపెనీది. అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూర్చింది అక్కడి ఇంజనీరు మైత్రేయి. ఆ రోజు నుంచి ఆమెకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

అది 2012. దాచిన ప్రతి ముక్కనూ చదివేటప్పుడు సరిచూసి, చెడిపోతే రెండో డిస్కులోని మంచి ప్రతితో తనను తానే బాగుచేసుకునే జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అప్పటికే ఉంది. మైత్రేయి దాన్ని తన బల్ల మీది లినక్స్ కంప్యూటర్‌లో ఎక్కించి, కావాలనే ఒక డిస్కును చెడగొట్టింది. అయినా షాట్ శుభ్రంగా తెరుచుకుంది.

కమలాకర్ ముఖం వెలిగిపోయింది. "ఇగ ఫికర్ లేదు. అన్ని పెట్టెలల్ల ఇదే ఎక్కియ్యి. సోమవారం పంపిద్దాం."

"లైసెన్స్ సంగతి కనుక్కొస్తాను సర్."

"రెండూ ఫ్రీయే గదా?"

ఫ్రీయే, కానీ రెండింటి షరతులూ వేరు. ఆమెను తొలుస్తున్నదీ అదే. వెంగళరావు నగర్‌లో లాయర్ కాశీవిశ్వనాథం రెండు లైసెన్సులూ చదివి కళ్ళజోడు తీశాడు.

"తమ కోడ్‌తో కలిపి పంచేదంతా తమ షరతుల మీదే పంచాలంటున్నారు లినక్స్ వాళ్ళు. జెడ్ఎఫ్ఎస్ వాళ్ళేమో తమ ఫైళ్ళు తమ షరతుల కిందే ఉండాలంటున్నారు. నీ బల్ల మీద కలిపి వాడుకో అమ్మా, ఎవరూ అడగరు. కలిపి అమ్మితేనే చిక్కు. పర్లేదనే లాయర్లూ ఉన్నారు. నేను మాత్రం అననంటే అనను."

కమలాకర్ విసుక్కున్నాడు. "మూత ఇప్పి ఎవడు చూస్తడు?"

"వాళ్ళు రాసిచ్చిన కోడ్ మీదే మనం బతుకుతున్నాం సర్. వాళ్ళు వద్దన్నది చేసి అమ్మలేను."

"మరి మంజులతమ్మకు ఏం చెప్పాలె? మల్ల చారలొస్తయని చెప్పాల్నా?"

మైత్రేయి లేచింది. ఆఫీసులో ఉండలేక జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా నడిచింది, తిరిగొచ్చింది, మళ్ళీ బయల్దేరింది. దారి ఉందని ఆమెకు తెలుసు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో జెడ్ఎఫ్ఎస్ ముందే కలిసి వస్తుంది, షరతులకు పేచీ లేదు. కానీ చదువుకునే రోజుల నుంచీ ఆమె చేతులకు అలవాటైంది లినక్స్. ఇన్నాళ్ళూ రాసిందంతా పక్కన పెట్టి, మళ్ళీ ఓనమాలు దిద్దాలి.

"లినక్స్ వదిలేద్దాం సర్," అంది లోపలికి వస్తూనే. "కొంచెం టైమివ్వండి."

కమలాకర్ ఫోన్ అందుకున్నాడు. "సోమవారం కాదని మంజులతమ్మకు నేనే చెప్త. నువ్వు మొదలుపెట్టు."

వానలు మొదలయ్యాక ఫ్రీబీఎస్‌డీతో కొత్త పెట్టె మంజులత గదికి చేరింది. కొన్నాళ్ళకు అందులో ఒక డిస్కు తప్పులు చూపింది, వాటిని పెట్టె తనే దిద్దుకుంది. ఆ సంగతి మైత్రేయి ఫోన్ చేసి చెబితే, మంజులత "అవునా? నాకేం తెలీలేదే!" అని నవ్వింది. మైత్రేయీ నవ్వింది. ఇదంతా లినక్స్‌లో జరిగి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ లేచి, కిటికీ దాకా నడిచి వచ్చి మళ్ళీ పనిలో పడింది.