అల్లుడి భాషలో ఒక్క మాట

కూతురు జ్వరంతో పోయాక ఆ ఇంట్లో మాటలు కూడా పోయాయి. అల్లుడిది స్పానిష్, అత్తగారిది తెలుగు. ఇన్నాళ్లూ ఇద్దరి మాటా అటూ ఇటూ మోసింది ఆ కూతురే. ఇప్పుడు అల్లుడు మనవరాలిని చూపించి, సముద్రం అవతల ఉన్న తన తల్లి దగ్గరికి తీసుకుపోతానని చేతులతో సైగ చేశాడు. బట్టలు కుట్టుకు బతికే ఆ అత్తగారి గుండెల్లో రాయి పడింది.

"మనవరాలికి రెండు భాషలూ వచ్చుగా పిన్నీ, దానిచేతే అడిగించు" అంది పక్కింటావిడ.

"దాని బతుకు దాని నోటితోనే బేరమాడించమంటావా?" అని కస్సుమంది ఈవిడ.

కింది వాటాలో ఒకప్పుడు ఓడల్లో వంటచేసిన మనిషి ఉన్నాడు. రేవురేవునా తిరిగి స్పానిష్ పట్టినవాడు. ఆవిడ గుండీల డబ్బా ముందేసుకుని పాఠం మొదలుపెట్టాడు.

"తెల్ల గుండీ 'పిల్ల', నల్లది 'నాతో', ఎర్రది 'ఉంటుంది'. వాళ్ల భాషలో ఎర్రదాన్ని నడుమ పెట్టాలక్కా."

ఆవిడ వేలు మాత్రం ఎర్రగుండీని చివరికే తోసేది.

"చివర ముడి వెయ్యందే కుట్టు నిలుస్తుందా తమ్ముడూ?"

"వాళ్ల కుట్టు అలాగే నిలుస్తుంది. నువ్వు అసలు మాట చివరిదాకా దాచుకున్నావంటే, ఈలోగా మీ అల్లుడు ఓడెక్కేస్తాడు!"

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి మిషను తొక్కుతూ అదే పాఠం, అన్నం కలుపుతూ అదే పాఠం. పనిలోపనిగా ఇంట్లో వాడే మాటలు ఇంకో నాలుగు కూడా పట్టుకుంది.

అల్లుడు పెట్టె సర్దుతుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది.

"లా నీన్యా వీవె కొన్‌మీగో." పిల్ల నాతో ఉంటుంది.

తడబడలేదు. అతను చేతిలో చొక్కా వదిలేసి, మంచం అంచున కూలబడ్డాడు. చాలాసేపు ఏడ్చాడు. తర్వాత లేచి ఆవిడ చేతులు పట్టుకున్నాడు. ఇంతకు ముందులా సైగలు చెయ్యలేదు. భాష తెలిసిన మనిషితో మాట్లాడినట్టు, మర్యాదగా, నిదానంగా చెప్పాడు.

"మి మాద్రె ఎస్పేరా అ లా నీన్యా."

మా అమ్మ ఎదురుచూస్తోంది పిల్లకోసం.

ఒక్క మాటా జారిపోలేదు, అంతా అర్థమైంది. సైగలైతే తెలియనట్టు నటించి ఇంకో నాలుగు రోజులు నెట్టుకొచ్చేదేమో. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది.

"సరే నాయనా" అంది తెలుగులోనే.

లోపలికెళ్లి మనవరాలి గౌన్లన్నీ ముందేసుకుంది. పిల్ల ఎదిగాక విప్పుకునేలా, ఒక్కోదాని అడుగున మడత పెట్టి, వదులుగా కుట్టుకుంటూ కూర్చుంది.